మెస్సత్త ఎంచుకున్న సన్న స్టెంటు

మెస్సత్త పోయిందన్న కబురు నాకు రైల్లో అందింది. నర్సుగా ఒక పేషెంటును వెంటబెట్టుకుని బైలడీలా నుంచి విశాఖపట్నం వెళుతున్నాను. అరకు దాటాక బండి సొరంగాల్లోంచి దిగుతుంది కదా, ఫోను కాసేపు పలుకుతుంది, కాసేపు పలకదు. మోగితే చూశాను, అత్త తమ్ముడు. "అక్క..." అన్నాడు. ఇంతలో సొరంగం వచ్చేసింది. పెట్టెలో పిల్లలు చీకటి చూసి కేరింతలు కొడుతుంటే, పలకని ఫోనును చెవికి ఆనించుకుని అలాగే కూర్చున్నాను. ఆ ఒక్క మాటతోనే నాకు అర్థమైపోయింది. వెలుతురులోకి వచ్చాక ఆయనే మళ్ళీ చేశాడు. పొద్దున్న ఫస్టు షిఫ్టు వాళ్ళకి ఇడ్లీ పెట్టిందట. నడుం పట్టేసిందని పీట మీద కూర్చుందట. ఆస్పత్రికి తీసుకొచ్చేలోగానే అయిపోయిందట.

ఆ మరణం అలాగే వస్తుందని మాకు తెలుసు. ఆమెకీ తెలుసు. తెలిసున్నంత మాత్రాన దుఃఖం తగ్గదని ఆ బండిలో కూర్చుని తెలుసుకున్నాను.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. మా నాన్నా, ఆమె భర్తా ఇనుపగనిలో ఒకే షిఫ్టులో డంపర్లు నడిపేవారు. మా క్వార్టరుకీ వాళ్ళ క్వార్టరుకీ నడుమ ఒకటే గోడ. పిల్లల్లేరు. మెదడుకెక్కిన మలేరియాతో మామ పోయాక క్వార్టరు ఖాళీ చెయ్యాల్సొచ్చింది. ఆమె శ్రీకాకుళం వైపు పల్లెకి తిరిగి వెళ్ళిపోతుందనే కాలనీ అంతా అనుకుంది. వెళ్ళలేదు. కొండ కింద బజారులో రెండు గదులు తీసుకుని మెస్సు పెట్టింది. అప్పటి నుంచి ఆమె అందరికీ మెస్సత్త అయిపోయింది. అసలు పేరు రేషను కార్డు రాసే గుమాస్తాకి తప్ప ఎవరికీ పట్టలేదు.

మా ఊళ్ళో అంతా ఎరుపే. రోడ్డూ, చెట్టూ, ఆరేసిన బట్టా, వాగులో నీళ్ళూ. షిఫ్టు దిగినవాళ్ళు కనురెప్పల దాకా ఎర్రగా వచ్చేవారు. అత్త గుమ్మంలో నీళ్ళ తొట్టి పెట్టేది. కాళ్ళు కడగందే కంచం లేదు. మావైపు వాళ్ళూ, మలయాళీలూ, బీహారు వాళ్ళూ, ఆవపల్లి, పామేడు వైపు నుంచి కాంట్రాక్టు పనికొచ్చిన దోర్లా తెగ కూలీలూ ఒకే బంతిలో కూర్చునేవారు. ఆఫీసరు బాబులు ఎవరైనా వచ్చి, తమకి వేరే బల్ల ఉందా అని అడిగితే, "అన్నం కాడ అందరిదీ ఒకటే సిప్టు బాబూ" అనేది. గోండీలో ఉప్పు, పులుపు, కారం అన్న మాటలు ఎలా అంటారో ముందు నేర్చుకుంది. మిగతా భాష వాటి వెనకే వచ్చింది.

పొయ్యి దగ్గర ఎప్పుడూ నోట్లో చుట్ట ఉండేది. అడ్డపొగ. మావైపు ఆడవాళ్ళు నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని కాలుస్తారు. చూడని వాళ్ళకి వింతగా ఉంటుంది. నోట్లో నిప్పు ఉండగానే ఆమె కూర రుచి చెప్పేది, కేకలేసేది, నవ్వేది. ఆ పొగ తన ఒంట్లో ఏం చేస్తోందో ఆమెకీ తెలియదు, మాకూ తెలియదు.

నేను నర్సు చదువుకి జగదల్‌పూర్ వెళతానంటే మా నాన్న ఒప్పుకోలేదు. ఆడపిల్ల అడివి దారిన అంత దూరం ఎలా తిరుగుతుందని ఆయన బెంగ. అత్త ఒక సాయంత్రం మెస్సు మరొకరికి అప్పగించి మా ఇంటికొచ్చి కూర్చుంది. వాదించలేదు. మామ జ్వరంతో పడి ఉన్నప్పుడు, ఆయన నోట్లో తడిగుడ్డ పెట్టి నాలుక కరుచుకోకుండా చూసిన మలయాళీ నర్సు గురించి చెప్పింది. ఆ పిల్లని కూడా వాళ్ళ నాన్న అడివిలోకే పంపాడు కదా అంది. అంతే, లేచి వెళ్ళిపోయింది. ఆ జూన్‌లో నేను జగదల్‌పూర్ బస్సెక్కాను. ఈరోజు నేను ఈ టౌన్‌షిప్పు ఆస్పత్రిలో తెల్లబట్టలు కట్టుకుని తిరుగుతున్నానంటే అది ఆ సాయంత్రం చలవే.

అత్త బతుకులో ఒక ముల్లు ఉండేది. మామ పోయిన కొత్తలో తమ్ముడు పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని ఆమెని ఊరు తీసుకుపోవడానికొచ్చాడు. ఆమె రానంది. పుట్టింట్లో ఒక మూల కూర్చుని తినడం కంటే ఇక్కడ పదిమందికి పెట్టి తింటానంది. కూలోళ్ళకి వండిపెట్టడానికి అక్క మమ్మల్ని కాదందని తమ్ముడు మనసులో పెట్టుకున్నాడు. తర్వాత వాళ్ళ అన్న పొలంలో కడుపునొప్పని కూలబడి, ఆస్పత్రి చేరకముందే పోయాడు. కబురందేసరికి వానాకాలం. ఘాట్‌లో కొండచరియ జారి రైలు లైను మూతపడింది. బస్సులు మారి, లారీలెక్కి అత్త ఊరు చేరేసరికి అన్నీ అయిపోయాయి. తమ్ముడు గుమ్మంలో నిలబడి, "ఇప్పుడేటికొచ్చినావు" అన్నాడట. ఆ మాటతో వాళ్ళిద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. చాలా ఏళ్ళు.

ఒక మధ్యాహ్నం నేను మెస్సులో అన్నం తింటుంటే అత్త దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. "ఇలా సూడు ఓలమ్మి. కడుపులో ఇంకో గుండె కొట్టుకుంతంది" అంది, నవ్వుతూనే. నా అరచేతి కింద బొడ్డుకి కాస్త పైన ఏదో బలంగా లేచి పడుతోంది. నేను నవ్వలేకపోయాను. కంచం ముందు నుంచి లేచి, ఆమెని ఆస్పత్రికి తీసుకుపోయాను.

డాక్టరు గారు స్కాను చేస్తూ ఒకే చోట మళ్ళీ మళ్ళీ కొలిచారు. తర్వాత ఆమెకి అర్థమయ్యేలా చెప్పారు. గుండె నుంచి కాళ్ళకి దిగే పెద్ద రక్తనాళం, కిడ్నీలకి కింద, సైకిలు ట్యూబు పలచబడ్డ చోట ఉబ్బినట్టు ఉబ్బింది. నొప్పి ఉండదు. ఒకరోజు పగులుతుంది. పగిలితే మన దగ్గర చేయగలిగింది దాదాపు లేదు. పొగ తాగేవాళ్ళకి ఎక్కువ వస్తుంది. కొన్ని కుటుంబాల్లో వరసగా వస్తుంది. మీ వాళ్ళలో ఎవరైనా కడుపునొప్పితో హఠాత్తుగా పోయారా అని అడిగారు.

అత్త కొంగుతో పొట్ట మీది జెల్లు తుడుచుకుంటూ ఆగిపోయింది. "మాయన్న" అంది.

విశాఖపట్నంలో రక్తనాళాల సర్జను గారి దగ్గరికి ఆమె వెంట నేను వెళ్ళాను. అత్త ఊపిరితిత్తులు పొగకి పాడైపోయాయి, పొట్ట కోసి చేసే ఆపరేషను తట్టుకోలేదని ఆయన మొదటే తేల్చేశారు. గజ్జల దగ్గర చిన్న గాట్లు పెట్టి, కాలి నాళం గుండా లోపలికి స్టెంటు పంపి, ఉబ్బిన చోట లోపల్నుంచి కొత్త గొట్టం తొడిగినట్టు చెయ్యాలి. రక్తం ఆ గొట్టంలోంచి పోతుంది, ఉబ్బు మీద ఒత్తిడి పడదు. అయితే ఏ స్టెంటు?

ఆయన సొరుగులోంచి నమూనాలు తీసి బల్ల మీద పెట్టారు. చూడ్డానికి చిన్నపిల్లల పైజామాల్లా ఉన్నాయి. పైన నడుం, కింద రెండు కాళ్ళు. మొదటిది గట్టిది. బట్ట పొడవునా తీగచట్రం కుట్టి ఉంది, పైన కిడ్నీ నాళాల ఎగువన పట్టుకునే కొక్కేలున్నాయి. ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నారు. ఏళ్ళు గడిచాక అది ఎలా ఉంటుందో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో డాక్టర్లకి తెలుసు. కానీ దాన్ని ముడిచి లోపలికి తీసుకుపోయే గొట్టం లావు. ఆడవాళ్ళ కాలి నాళాలు మామూలుగానే సన్నం, అత్తవి సున్నం పట్టి ఇంకా సన్నబడ్డాయి. దారిలోనే నాళం చీరుకుపోయే ప్రమాదం ఉంది.

రెండోదానిలో తీగా బట్టా ఒకదానిమీద ఒకటి ఉండవు. అందుకే సన్నగా ముడుచుకుంటుంది, సన్న దారిలోనూ పోతుంది. పైన కొక్కేలు దీనికీ ఉన్నాయి. వాటి కింద, ఉబ్బుకి పైనున్న నాళం మెడలో కూర్చునేలా రెండు రింగులుంటాయి. లోపలికి వెళ్ళాక వాటిలోకి ఒక ద్రవం ఎక్కిస్తారు, అది గట్టిపడి కుళాయికి వాషరులా నాళం గోడకి అతుక్కుంటుంది. కానీ కొత్తది. చాలా ఏళ్ళ తర్వాత ఆ రింగుల పట్టు ఎలా ఉంటుందో ఇంకా ఎవరూ చూడలేదు. మూడోది ఒకటుంది, నాళం రెండుగా చీలే చోట కూర్చునేది. దాని అతుకుల దగ్గర కొందరిలో లీకులు వచ్చాయని ఆయనే పక్కకి జరిపేశారు.

మొదటిదాని వైపే తన మొగ్గు అని ఆయన దాచుకోకుండా చెప్పారు. పాతది, నమ్మకమైంది. లావు గొట్టం పోతుందో లేదో ఇంకోసారి కొలిపిస్తానన్నారు. కొలిచారు. పోవచ్చు, పోకపోవచ్చు అన్నట్టుగా ఉంది. ఏది పెట్టినా ఏడాదికోసారి స్కానుకి రావాలి, జీవితాంతం. వదిలేస్తే లోపల లీకైనా తెలియదు. అది విని అత్త, "అయితే ఇది కూడా పెళ్ళేనన్నమాట" అంది. సర్జను గారు మొదటిసారి నవ్వారు.

తర్వాత ఆమె రెండు నమూనాలూ చేతిలోకి తీసుకుంది. ఒకదాన్ని వేళ్ళతో నొక్కి వదిలింది. రెండోదాన్ని అరచేతిలో ఉంచుకుని చాలాసేపు చూసింది.

"దీని రేపటి సంగతి మీకు తెల్దు" అంది సన్నదాన్ని చూపిస్తూ. "దాని సంగతి తెలుసుగానీ, అది లోపలికెల్లకపోతే నాకు రేపే నేదు. ఇదే ఎట్టండి బాబూ."

సర్జను గారు తల ఊపారు. తన మనసులోనూ తక్కెడ అటే ఒరుగుతోందని, కాకపోతే ఆమె నోట వినాలనుకున్నానని అన్నారు.

ఆపరేషను బాగా జరిగింది. సన్న గొట్టం ఎక్కడా ఆగకుండా వెళ్ళిందని ఆయన స్వయంగా బయటికొచ్చి చెప్పారు. మత్తు దిగాక అత్త మొదట చేసిన పని పొట్ట మీద చెయ్యి వేసుకోవడం. ఆ కొట్టుకోవడం దాదాపు అణిగిపోయింది. సంతోషిస్తుందనుకున్నాను. "ఇంట్లో ఒకలు ఎల్లిపోయినట్టుంది" అంది, కళ్ళు మూసుకుని. ఆ తర్వాత ఆమె చుట్ట వెలిగించలేదు. మానడానికి నరకయాతన పడింది. పొయ్యి దగ్గర వెలిగించని చుట్టని పంటి కింద పెట్టుకుని తిరిగేది. పామేడు వైపు కూలీ ఒకాయన, "ఏందత్తా, పొయ్యిల నిప్పుంది గదా" అంటే, "పొయ్యికే ఉండనీ నాయినా" అనేది.

డిశ్చార్జి అయిన రోజు మేము మా ఊరి వైపు పోయే కిరండూల్ బండి ఎక్కాలి. స్టేషను దగ్గర అత్త ఆటో దిగలేదు. పుట్టినూరికి, తమ్ముడి దగ్గరికి పోదామంది. తోబుట్టువుల్ని పరీక్ష చేయించాలని సర్జను గారు చెప్పారు. ఆమె ఆస్పత్రి నుంచి తమ్ముడికి ఫోన్లు చేస్తూనే ఉంది, అతను ఎత్తలేదు. గజ్జల్లో కుట్లు పచ్చిగా ఉన్నాయి, వద్దని నేనూ అన్నాను. వినలేదు.

తమ్ముడు పెరట్లో మంచం మీద పడుకుని ఉన్నాడు. అక్కని చూసి లేచి కూర్చున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆయన భార్య నీళ్ళు తెచ్చింది. అత్త తాగలేదు. గోడ పట్టుకుని నెమ్మదిగా వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"పడుకోరా" అంది.

ఎందుకని ఆయన అడగలేదు. ఎందుకో నాకిప్పటికీ తెలియదు, చిన్నప్పుడు అక్క చెబితే పడుకున్నట్టు పడుకున్నాడు. ఆమె అతని చొక్కా పైకి జరిపి, తన చెయ్యి కాదు, అతని చేతినే తీసుకుని అతని పొట్ట మీద పెట్టింది. పైన తన చెయ్యి వేసింది. ఇద్దరూ అలా ఉండిపోయారు. అతని ముఖం మారడం నేను చూశాను.

"అన్నయ్యది కడుపునొప్పి కాదురా" అంది. "ఇది. నాక్కూడా ఉండేది. నానొచ్చేసరికి ఆడు పోనాడు. నీ కాడికి ముందే ఒచ్చినాను."

ఆయన చేతిని తీసుకోలేదు. తలగడలోకి ముఖం తిప్పుకుని ఏడ్చాడు. అత్త అప్పుడు నీళ్ళు తాగింది.

ఆయనకీ అదే జబ్బు తేలింది. ఆయన నాళాలు మంచి వెడల్పు, మెడ భాగం తిన్నగా ఉంది. ఏ తర్జనభర్జనా లేకుండా మొదటిదే, ఆ గట్టి స్టెంటే పెట్టారు. ఒక తల్లి కడుపున పుట్టి, ఒకే జబ్బు తెచ్చుకుని, ఇద్దరూ రెండు రకాల గొట్టాలతో బతికారు. ఆ తర్వాత ఏటా ఇద్దరూ ఒకే రోజు స్కానుకి వచ్చేవారు. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని అక్క తెచ్చిన ఎండుచేపల కూర, తమ్ముడు తెచ్చిన చల్దన్నం విప్పుకునేవారు. నీది మోటుదని ఆమె, నీది నాజూకుదని ఆయన. ఒక ఏడాది తమ్ముడి స్కానులో వెనకవైపు చిన్న నాళం నుంచి రక్తం ఉబ్బులోకి చేరుతోందన్నారు. తగ్గిపోవచ్చు, చూద్దామన్నారు. ఆ ఏడాదంతా అత్త శనివారాలు ఉపవాసం ఉంది. మరుసటి స్కానుకి అది దానంతటదే మూసుకుపోయింది. ఆ సాయంత్రం ఇద్దరూ సముద్రం చూడ్డానికి వెళ్ళారు. పుట్టింది సముద్రం పక్కనే అయినా, తీరికగా కూర్చుని చూడ్డం అదే మొదటిసారని నాతో అంది.

మంచి ఏళ్ళు అవి. ఆమెకి దక్కవలసినవే. నాకిప్పుడు తలుచుకుంటే అవే ఎక్కువ ఏడుపు తెప్పిస్తున్నాయి.

పోయిన ఏడాది స్కానులో ఉబ్బు మళ్ళీ పెరిగింది. రింగులు చెడలేదు. అవి ఆనుకున్న నాళమే వెడల్పయిపోయి, వాటి పక్క నుంచి రక్తం దిగుతోంది. సర్జను గారి జుట్టు అప్పటికి నెరిసింది. మళ్ళీ నమూనాలు తీశారు. పైన ఇంకో ముక్క తొడగాలంటే కిడ్నీ నాళాలు అడ్డొస్తాయి. వాటికి కిటికీలు విడిచి, ఆమె కొలతలకే ప్రత్యేకంగా కుట్టించే స్టెంటు ఒకటుంది. కానీ దాని గొట్టం లావు. ఆమె కాలి నాళాలు అప్పటికంటే ఇప్పుడు ఇంకా సన్నం. పొట్ట కోస్తే ఊపిరితిత్తులు నిలబడవు. ఆయన ఏదీ దాచలేదు. ప్రయత్నిద్దామంటే చేస్తానన్నారు. ఆపరేషను బల్ల మీదే పోయే అవకాశం ఎక్కువన్నారు.

ఆమె నమూనాని ముట్టుకోలేదు. ఆ రోజు లావుదే పెట్టి ఉంటే బాగుండేదా అని తమ్ముడు అడిగాడు. సర్జను గారి కంటే ముందు అత్తే చెప్పింది.

"అది పెడితే నిన్ను సూసుందును కాదురా."

ఆమె లేచి, సర్జను గారి చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆయన వద్దనబోయి, ఊరుకున్నారు.

ఇంటికొచ్చేసింది. తమ్ముడు కూడా వెంట వచ్చాడు. కూలోళ్ళ మెస్సని ఒకప్పుడు ఈసడించినాయన, ఆమె చేత బరువులు ఎత్తనివ్వకుండా బియ్యం కడిగాడు, డేగిశాలు దింపాడు, బంతిలో పప్పు వడ్డించాడు. ఆమె పీట మీద కూర్చుని ఉప్పు ఎంతో చెప్పేది. భయం లేదా అని ఒకసారి అడిగాను. ఉందనే చెప్పింది. పొద్దున్న లేవగానే ఉంటుందనీ, పొయ్యి అంటించేసరికి పని అడ్డమొస్తుందనీ అంది. ఆ చలికాలం గడిచింది. ఇప్పపూలు రాలాయి. చింతపండు కొట్టించి మెస్సుకి ఏడాదికి సరిపడా జాడీల్లో పెట్టించింది. ఆ జాడీలు ఇంకా నిండుగానే ఉన్నాయి.

నా పేషెంటును ఆస్పత్రిలో చేర్చి తిరుగు బండిలో వచ్చేసరికి దహనం అయిపోయింది. చితికి మెస్సులో తిన్నవాళ్ళే కట్టెలు మోశారట. తలో భాషలో ఏడ్చారట. నేను అస్థులు ఏరేరోజుకి వెళ్ళాను. తమ్ముడు గొంతుక్కూర్చుని బూడిద మీద పాలు చల్లి, వేళ్ళతో మెల్లగా వెతుకుతున్నాడు. ఎముకల మధ్య ఆయన చేతికి నల్లబడ్డ తీగ ఒకటి తగిలింది. కిరీటంలా గుండ్రంగా ఉంది. తర్వాత స్టెంటు కాళ్ళ తీగలు, స్ప్రింగుల్లాంటివి రెండు దొరికాయి. బట్ట, రింగులు కాలిపోయాయి. తీగ కాలలేదు.

ఆయన వాటిని పంచె చెరగుతో తుడిచి అరచేతిలో పెట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి నా వైపు పట్టాడు.

"దీనికి పైవేపు ఏదమ్మా?" అని అడిగాడు.

చూపించాను. కొక్కేలున్న కొస పైకి వచ్చేలా కిరీటాన్ని పట్టుకుని, దాని కింద రెండు కాళ్ళనీ పక్కపక్కన చేర్చి, కుండలో అస్థుల మధ్య నిలబెట్టాడు. ఒరిగిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో చుట్టూ బూడిద నింపసాగాడు.